పుదుచ్చేరిలో తిరిగొచ్చిన ఇసుక

చెన్నైలో బస్సెక్కితే తీరం వెంబడి సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుగా మూడున్నర గంటలు పట్టింది. పుదుచ్చేరికి ఇది మా రెండో ప్రయాణం. పెళ్లయిన కొత్తలో వచ్చినప్పుడు బీచ్ అని పేరే గానీ, రోడ్డు పక్కన నల్లటి బండరాళ్లు, వాటిని కొట్టే అలలు, అంతే. ఈసారి సెక్రటేరియట్ ఎదుట ఇసుకలో కాలు పెట్టగానే మా ఆవిడ చెప్పులు చేతిలోకి తీసుకుని చిన్నపిల్లలా నడిచింది.

మన తూర్పు తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ రోజులు దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన కట్టిన హార్బర్ రాతిగోడలు ఆ దారికి అడ్డుపడ్డాయి. గోడకు అవతల ఇసుక మేట వేసింది, ఇవతల ఊరి బీచ్ కోసుకుపోయింది. 2018లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) వాళ్లు దాదాపు 900 టన్నుల ముక్కోణపు ఉక్కు కట్టడాన్ని సముద్రంలో ముంచారు. పెద్ద అలల జోరు అక్కడే తగ్గిపోతుంది, వెనకాల ఇసుక నిలుస్తుంది. హార్బర్ ముఖద్వారంలో తవ్విన ఇసుకను కూడా ఇటు పోశారు. మన వైజాగ్ ఆర్కే బీచ్‌కీ పోర్టులో తవ్విన ఇసుకే ఆధారం కదా, అందుకే నాకిది సొంత ఊరి సంగతిలా అనిపించింది.

సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఏడున్నర దాకా బీచ్ రోడ్డులో బండ్లు తిరగవు. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇంతకంటే హాయి లేదు. ఈతకు మాత్రం దిగొద్దు. బస విషయంలో మేం పొరబడ్డాం: సముద్రం కనిపిస్తుందని ఎక్కువ అద్దె కట్టిన గదిలో కుళాయి నీళ్లు ఉప్పగా వచ్చాయి, గీజర్ పనిచెయ్యలేదు, చెప్పినా పట్టించుకోలేదు. రెండు వీధులు లోపల దొరికిన రెండో గది సగం అద్దెకే శుభ్రంగా ఉంది. చున్నాంబార్ నుంచి పడవలో వెళ్లే ప్యారడైజ్ బీచ్ బాగుంది గానీ, ఆదివారం క్యూ చాలా పెద్దది.

మర్నాడు ఉత్తరాన కొట్టకుప్పం వైపు ఆటోలో వెళ్లాం. అది తమిళనాడు. అక్కడ మళ్లీ బండరాళ్లే. పడవలు లాగిపెట్టుకోవడానికి చారెడు చోటుంది. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన, తన చిన్నప్పుడు ఒడ్డు ఎక్కడిదాకా ఉండేదో చెయ్యి చాచి చూపించాడు. ఆయన వేలు అలల అవతలకి చూపిస్తోంది.