సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర క్యాబ్ బుక్ చేస్తున్నారా? క్యాన్సిల్ మాత్రం మీరు కొట్టకండి

తెల్లవారుజామున రైలు దిగి సికింద్రాబాద్‌లో క్యాబ్ కోసం చూసేవాళ్లకు ఒకటే మాట. డ్రైవర్ ఫోన్ చేసి "క్యాన్సిల్ చేసేయండి సార్" అంటే చేయకండి. రానంటున్నది అతను, రద్దు చేయాల్సిందీ అతనే.

మొన్న అమ్మతో కలిసి బోయిగూడ వైపు బయటికొచ్చి బుక్ చేశానో లేదో, ఫోన్. "ఎక్కడికి సార్?" బోడుప్పల్ అన్నాను. "క్యాషా, ఆన్‌లైనా?" ఆన్‌లైన్ అన్నాను. అంతే, గొంతు మారిపోయింది, అటు నుంచి రిటర్న్ గిరాకీ ఉండదట, యాప్‌లో చూపించినదాని మీద రెండొందలు ఎక్కువిస్తే వస్తాడట, లేదంటే క్యాన్సిల్ కొట్టాలట. నేను కొట్టలేదు. అప్పుడు మొదలైంది అసలు నాటకం. మేం ఇటు బోయిగూడలో నిలబడితే బండి పట్టాలకు అవతల మోండా మార్కెట్ వైపు కదలకుండా ఉంది, కాసేపటికి 'మీ డ్రైవర్ వచ్చేశారు' అని మెసేజ్, వెయిటింగ్ టైమ్ మొదలు, ఆ తర్వాత ప్రయాణికులు రాలేదని అతనే రద్దు చేసి చార్జీ నా నెత్తిన వేశాడు!

బండి ఎక్కడుందో కనిపించేలా మ్యాప్ స్క్రీన్‌షాట్ తీసి ఉంచాను కాబట్టి కంప్లయింట్ పెడితే ఆ డబ్బు వెనక్కి వచ్చింది. మీరూ తీయండి. ఫోన్‌లో వాదించకుండా యాప్ చాట్‌లోనే "వస్తున్నారా, రారా?" అని అడగండి, రాతలో ఉంటుంది. "క్యాన్సిల్ చేసి బయట మాట్లాడుకుందాం, అదే రేటుకి తీసుకెళ్తా" అనే వాళ్ల బండి అసలు ఎక్కొద్దు, దారిలో ఏమైనా జరిగితే ఆ ట్రిప్‌కి రికార్డే ఉండదు, ముఖ్యంగా ఆడవాళ్లు గుర్తుపెట్టుకోండి.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 178 ప్రకారం కిరాయికి రానంటే క్యాబ్‌కి 500 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఆటోకైతే 50 అట, నవ్వొస్తుంది. బండి నంబరు, చోటు, టైమ్ రాసి ట్రాఫిక్ పోలీసుల వాట్సాప్‌కి పంపితే చలానా వేస్తారు. యాప్ వాళ్లు డబ్బు తిరిగివ్వకపోతే 1915కి, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పెద్ద క్యాబ్ కంపెనీలకు ఇచ్చిన నోటీసుల్లో ఈ క్యాన్సిల్ చార్జీల గోల కూడా ఉంది.

డ్రైవర్ల బాధ లేదని కాదు. కమీషన్ పోగా, ఖాళీగా తిరిగొస్తే ఏం మిగులుతుంది? ఆటో మీటరు రేటు 2014లో పెంచిందే, కిలోమీటరుకి 11 రూపాయలు, ఆ లెక్కకి మీటరు ఎవరేస్తారు చెప్పండి. కానీ ఆ కోపం కంపెనీ మీద చూపించాలి, సామానుతో నిలబడ్డ పెద్దావిడ మీద కాదు కదా.

మా వైపు వెళ్లేవాళ్లు వీలైతే ఆరింటిదాకా వెయిటింగ్ హాల్లోనే కూర్చోండి. మెట్రో మొదలవగానే సికింద్రాబాద్ ఈస్ట్‌లో నాగోల్ బండెక్కి ఉప్పల్‌లో దిగితే, అక్కడి నుంచి బోడుప్పల్‌కి షేర్ ఆటోలు పిలిచి మరీ ఎక్కించుకుంటాయి.