పదకొండేళ్ల నా డెస్క్‌టాప్‌కు ఏ ఖర్చు కలిసివచ్చింది

చెన్నై ఆండర్సన్ వీధిలోని శుభలేఖల దుకాణాలకు తెలుగు కూర్చి ఇవ్వడం నా పని. పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకు అనూ ఫాంట్లు, ఫొటోలు ఉంటే ఫోటోషాప్. 2014 చివర కొన్న డెస్క్‌టాప్ మీదే ఇప్పటికీ పెరంబూరులోని మా ఇంట్లో కూర్చుని చేస్తున్నాను. ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. కొన్ననాడు దాని స్వరూపం అది. ఆ తర్వాత దాని మీద పెట్టిన ప్రతి రూపాయీ శుభలేఖల లెక్కల పుస్తకంలోనే చివరి పేజీల్లో రాసుకుంటూ వచ్చాను. పాత యంత్రానికి ఏం మార్చాలో తేల్చుకోలేక ఉన్నవారికి ఆ లెక్క పనికొస్తుంది.

మొదటి ఖర్చే వృథా అయింది. 2017 మాఘమాసం ముహూర్తాలకు ముందు యంత్రం బాగా నెమ్మదించింది. ఒక దుకాణంలో అడిగితే గ్రాఫిక్స్ కార్డు వేయమన్నారు. ఆ ఏడు జీటీ 1030 కొత్తగా వచ్చాక దాదాపు ఆరు వేలు పెట్టి వేయించాను. తేడా ఏమీ కనిపించలేదు. కనిపించకపోవడం సహజమే. పేజ్‌మేకర్ చివరి రూపం 2001 నాటిది. అక్షరాలు, గీతలు, గళ్లు తెర మీద చూపించడానికి ప్రాసెసర్‌లోనే ఉన్న హెచ్‌డీ 4600 గ్రాఫిక్స్ ఎక్కువే. ఆటలు ఆడేవారికీ, వీడియోలు కూర్చేవారికీ కార్డు అవసరం కావచ్చు. నాకు కాలేదు.

అసలు సంగతి తెలిసింది 2018లో, ఒక ఉదయం. కంప్యూటర్ ఆన్ చేసి వంటింట్లోకి వెళ్లాను. కుక్కర్ మూడో కూత వేసేసరికి కూడా తెర పనికి సిద్ధం కాలేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, దాని ముందే కూర్చున్నాను. ప్రాసెసర్ 8 శాతం. డిస్క్ 100 శాతం. రెండు నిమిషాలు దాటినా ఆ వంద కిందికి దిగలేదు. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. హార్డ్ డిస్క్‌లో చిన్న ఫైలు ఒకటి తీయాలన్నా లోపలి చేయి కదిలి, పళ్లెం తిరిగి సరైన చోటు కిందికి రావాలి. ఒక్కోసారికి సుమారు పది మిల్లీసెకన్లు. విండోస్ లేచేటప్పుడు అలాంటి ఫైళ్లు వేలల్లో ఉంటాయి. హార్డ్ డిస్క్‌కు బదులుగా వేసుకునే, చిప్‌లలో ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు.

ఆ ఏడాది చివర, చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ వీధిలో 240 జీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నాను, మూడు వేల రెండు వందలు. దుకాణంలో పనిచేసే నెల్లూరు కుర్రవాడు, "అక్కా, పాత విండోస్‌ను కాపీ చేయవద్దు, కొత్తగా వేద్దాం" అన్నాడు. మంచి మాట. నాలుగేళ్ల చెత్త దానితోనే పోయింది. యంత్రం పనికి సిద్ధం కావడానికి ముందు మూడు నిమిషాల నలభై సెకన్లు పట్టేది, తర్వాత ఇరవై అయిదు సెకన్లు. అనూ ఫాంట్ల జాబితా తెరవడానికి పట్టే ఆలస్యం కూడా మాయమైంది. ఇన్నేళ్లలో నేను పెట్టిన ఖర్చులన్నిటిలో ఇంత సంతృప్తి ఇచ్చింది మరొకటి లేదు.

ఒక చిన్న విషయం. హెచ్81 బోర్డు మీద డిస్కులు తగిలించే సాటా పోర్టులు నాలుగు ఉంటాయి. వాటిలో రెండే వేగమైనవి. నా ఎస్‌ఎస్‌డీ కేబుల్ నెమ్మది పోర్టులో ఉందని బోర్డు మాన్యువల్ చదివాక తెలిసి, నేనే మార్చుకున్నాను. పెద్ద ఫొటోల ఫోల్డర్ కాపీ చేసేటప్పుడు తేడా తెలిసింది గానీ, మామూలు పనిలో తెలియలేదు. కాబట్టి పాత బోర్డు అని ఎస్‌ఎస్‌డీకి వెనుకాడనక్కరలేదు.

2021లో ర్యామ్. పేజ్‌మేకర్‌కు 4 జీబీ చాలు. కానీ ప్రూఫులు వాట్సాప్‌లో పంపడం అలవాటయ్యాక బ్రౌజర్, ఫోటోషాప్ ఎప్పుడూ తెరిచే ఉంటున్నాయి. మెమరీ 93 శాతం నిండిందని కూడా టాస్క్ మేనేజరే చెప్పింది. ఈ బోర్డుకు సరిపోయే డీడీఆర్3 రకం ర్యామ్, వాడిన 8 జీబీ ముక్కలు రెండు వేసుకున్నాను. ఈ బోర్డు 16 జీబీ దాటి తీసుకోదు. మొదటి రోజు తెర రాలేదు. రబ్బరుతో బంగారు రంగు కాళ్లను మెల్లగా రుద్ది, మెత్తని గుడ్డతో తుడిచి మళ్లీ పెడితే వచ్చింది. 8 జీబీతోనే నా పని జరిగేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఎవరూ అడగనిది, అందరూ ముందుగా చూసుకోవలసినది ఎస్‌ఎంపీఎస్, అంటే యంత్రానికి కరెంటు అందించే పెట్టె. 2022 మే ఎండల్లో, ఒక శుభలేఖ మూడో ప్రూఫులో ఉండగా యంత్రం ఆగిపోయింది. ముహూర్తం వేళ సరిచేసిన ఫైలు సేవ్ చేయలేదు. విప్పి చూస్తే కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. ఈ వేడికీ, ఉప్పుగాలికీ దాదాపు ఎనిమిదేళ్లు నిలవడమే ఎక్కువ. పనితీరు ప్రమాణం ఉన్న 450 వాట్ల కొత్తది వేయించాను, రెండున్నర వేలు. అదే రోజు ప్రాసెసర్ మీద సుద్దలా ఎండిపోయిన థర్మల్ పేస్టు (వేడిని బయటికి లాగే పూత) కూడా మార్పించాను. ఫ్యాను హోరు తగ్గింది.

అన్నిటికన్నా చవకైన మరమ్మతు నలభై రూపాయలది. ఒక వారం ఏ వెబ్‌సైటూ తెరుచుకోలేదు, భద్రత లేదంటూ హెచ్చరికలు. తేదీ చూస్తే 2014 అని ఉంది. తేదీని గుర్తుంచుకునే, బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది, అంతే.

ఇప్పుడు మిగిలిన ప్రశ్న ప్రాసెసర్. అదే సాకెట్‌లో ఐ7-4770 కూర్చుంటుంది, వాడినది దొరుకుతుంది. ఐ5 గరిష్ఠ వేగం 3.4 గిగాహెర్ట్జ్, దానిది 3.9. పేజ్‌మేకర్ ప్రాసెసర్‌లోని ఒక్క కోర్‌నే వాడుకుంటుంది, ఐ7లో ఒకేసారి ఎక్కువ పనులు నడిపే అదనపు థ్రెడ్లు దానికి అక్కరకు రావు. పైగా విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో, కొన్ని మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది. నాలుగో తరం ఐ7 కొన్నా ఆ గడువు మారదు.

అందుకే ప్రాసెసర్ కొనలేదు. ఆ గడువు తర్వాత ఈ యంత్రానికి ఇంటర్నెట్ కేబుల్ తీసేసి, పేజ్‌మేకర్‌కే ఉంచుతాను, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వెళ్తాయి. వాట్సాప్, బ్రౌజర్ పనికి మరొకటి కొనడానికి డబ్బు పక్కన పెడుతున్నాను. కొత్తదానికి డీడీఆర్3 ర్యామ్ సరిపోదు. ఈ యంత్రం పూర్తిగా మూలపడిన రోజున మాత్రం ఎస్‌ఎస్‌డీని విప్పి కొత్తదానిలో పెట్టుకుంటాను.