గుర్రం వీపుకి ఏది మేలు: జీనా, బొంతా?

ఆర్కే బీచ్‌లో సాయంత్రం ఒక ఎర్ర గుర్రానికి జీను దించుతుంటే దగ్గరికెళ్లి చూశాను. మూపుకి, అంటే మెడ వీపుతో కలిసేచోటి ఎత్తుకి, అటూ ఇటూ రూపాయి బిళ్లంత తెల్లమచ్చలు. "పుట్టుమచ్చలండి" అన్నాడు గుర్రం కుర్రాడు. కాదు. జీను నెలల తరబడి ఒకేచోట నొక్కితే రంగునిచ్చే కణాలు చచ్చిపోయి వెంట్రుక తెల్లగా మొలుస్తుంది.

ఇలాంటివి చూసే చాలామంది "జీనెందుకు, మెత్తటి బొంత కట్టేస్తే హాయి కదా" అంటారు. నేనొప్పుకోను. బొంత మీద కూర్చుంటే మన పిర్రల ఎముకలు రెండూ ఒకేచోట దిగుతాయి, బరువంతా అక్కడే. జీను లోపలి గట్టి చట్రం ఆ బరువుని వెన్నుకి రెండు వైపులా కండల మీద పరుస్తుంది. మధ్యలో కాలవలాంటి ఖాళీ ఉంటుంది కాబట్టి వెన్నెముకకి తగలదు.

అయితే సరిపడని జీను కన్నా బొంతే నయం. ఇరుకు చట్రం మూపుని పట్టకారులా బిగిస్తుంది. మరీ వెడల్పైతే వెన్ను మీద కూలబడుతుంది. మనిషి ఎక్కాక కూడా మూపుకీ జీనుకీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. ముందుకాలు చాచినప్పుడల్లా భుజం ఎముక వెనక్కి జరుగుతుంది, దానికి చోటు వదలాలి. వెనక అంచు పద్దెనిమిదోదైన చివరి పక్కటెముక దాటకూడదు. దించాక చెమట చూడండి. మన విశాఖ ఉక్కలో వీపంతా తడిసి, జీను కింద ఒక్కచోట మాత్రం అరచేతంత పొడిగా ఉంటే అక్కడ నొక్కుడు ఎక్కువైందేమోనని అనుమానించాలి.

కూర్చునే తీరు నడకలో పెద్ద తేడా చెయ్యదు, ఒక పక్కకి ఒరగకపోతే చాలు. ట్రాట్‌లోనే, అంటే గుర్రం ఎగిరెగిరి వేసే చిన్న పరుగులోనే, తేడా తెలుస్తుంది. అలాగే కూర్చుండిపోతే వీపు మీద దెబ్బ ఎక్కువ. ఒక అడుగుకి లేచి మరో అడుగుకి కూర్చుంటే తగ్గుతుంది. పిర్రలు ఆనకుండా రికాబుల మీద నిలబడితే ఇంకా తక్కువే, కానీ కొత్తవాళ్లు నిలవలేక పగ్గాలు పట్టుకు వేలాడతారు, బాధ గుర్రం నోటికి పోతుంది. వాళ్లకి లేచి కూర్చోవడమే మేలు. బరువు కూడా చూసుకోవాలి: 300 కిలోల గుర్రం మీద జీనుతో కలిపి 60 కిలోలు మించకపోతే మంచిది.

"కింద ఇంకో బొంత మడిచి వేసెయ్యనా అండి?" అన్నాడు కుర్రాడు. వద్దన్నాను. అది బిగుతు బూటులో రెండో సాక్సు తొడగడమే. వాడి తమ్ముణ్ణి ఎక్కించి మూపు దగ్గర వేళ్లు పెట్టి చూడమన్నాను.

ఒక్కటే దూరింది.