తప్పు నా వేళ్లది కాదట

నలభై ఏడేళ్ల వయసులో గిటారు పట్టాను. ఎనిమిది నెలలైనా ఎఫ్ కార్డు, అంటే చూపుడువేలితో తీగలన్నీ అదిమిపట్టి వాయించే స్వరాల గుంపు, పలకలేదు. ఎడమచేతి వేళ్లు కాయలు కాశాయి, బ్యాంకులో నోట్లు లెక్కపెడుతుంటే కాగితం స్పర్శే తెలిసేది కాదు. వయసు మీదపడింది, ఇంతే అనుకున్నాను. ఒకరోజు మా అమ్మాయి గిటారును పక్కకు తిప్పి చూసి, "నాన్నా, తీగల కింద నుంచి ఎలుక దూరిపోయేట్టుందే" అంది.

కొన్నచోటికే పట్టుకెళ్లాను. కౌంటర్లో కుర్రాడు అలెన్ కీ పెట్టి రెండు తిప్పులు తిప్పి నాలుగొందలు తీసుకున్నాడు. ఇంటికొచ్చి వాయిస్తే మొదటి ఫ్రెట్ల దగ్గర, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల దగ్గర, తీగలు జిర్రుమంటున్నాయి. తీగల ఎత్తేమో దాదాపు అంతే. ఆ షాపు పేరు రాయను, గొడవ నాకెందుకు.

తర్వాత వెళ్లింది సికింద్రాబాద్‌లో రెండో అంతస్తులో ఉన్న ఒక రిపేరు గదికి. దీని పేరూ రాయడం లేదు, కారణం వేరే. "ఉన్న పనే ఒడుస్తలేదు సార్, నెట్‌ల వెట్టకుండ్రి" అన్నాడాయన. ఒడవడం లేదన్నది నిజమే. రేపిస్తానన్న గిటారు నాలుగో రోజు వెళ్తే పెట్టినచోటే ఉంది. ఫోనూ లేదు, పలుకూ లేదు. ఇక లాభం లేదని అక్కడే స్టూలు లాక్కుని కూర్చున్నాను. అదే మంచిదైంది, పనంతా కళ్లారా చూశాను.

పన్నెండో ఫ్రెట్ మీద స్టీలు స్కేలు నిలబెట్టాడు. ఫ్రెట్ పై నుంచి లావు తీగ అడుగు దాకా 3.4 మిల్లీమీటర్లు. "ఇది గిటారా, బట్టలారేసే దండెమా?" అని నవ్వాడు. ఆ కుర్రాడు తిప్పిన ట్రస్ రాడ్, అంటే మెడ లోపలి కడ్డీ, ఉన్నది మెడ వంపు సరిచేయడానికట, ఎత్తు తగ్గించడానికి కాదట. ముందటి కుర్రాడు బిగించేసరికి మెడ వెనక్కి వంగింది. దాన్ని పావు తిప్పు చొప్పున వదులు చేస్తూ, మొదటి ఫ్రెట్టూ పద్నాలుగో ఫ్రెట్టూ నొక్కిపట్టి మధ్యలో సందు చూశాడు. విజిటింగ్ కార్డు ఇరుకుగా దూరితే చాలన్నాడు. ఎత్తు మళ్లీ కొలిస్తే 3.5, తగ్గకపోగా కాస్త పెరిగింది.

మెడ పై కొసన తీగలు ఆనే పట్టీని నట్టు అంటారు, దాని గాడులను సన్న ఆకురాయితో రుద్దాడు. మూడో ఫ్రెట్ నొక్కినప్పుడు మొదటి ఫ్రెట్ మీద తీగ వెంట్రుకవాసి ఎత్తులో ఉండాలట. నాకు ఎఫ్ పలకకపోవడానికి సగం కారణం అక్కడే ఉంది.

అసలు పని శాడిల్‌ది, అంటే గిటారు పెట్టె మీద తీగల రెండో కొస ఆనే పట్టీది. పన్నెండో ఫ్రెట్ తీగకు సరిగ్గా నడుమ ఉంటుంది కాబట్టి అక్కడ ఒక మిల్లీమీటరు దించాలంటే శాడిల్ రెండు మిల్లీమీటర్లు అరగాలి. పెన్సిల్‌తో గీత గీసి, అద్దం పలక మీద పరిచిన ఉప్పు కాగితం మీద అడుగుభాగాన్ని నిటారుగా పట్టుకుని రుద్దాడు. పై అంచు ముట్టుకోలేదు, తీగలు కూర్చునే వంపు అక్కడే ఉంది. పది రుద్దులకోసారి ఆపి, తెల్లపొడి ఊది, గీత చూసుకుంటాడు. "తీసింది మల్ల అంటుకోదు సార్." గంటన్నర పట్టింది. లావు తీగ 2.5, సన్న తీగ 1.9 దగ్గర ఆగాడు. ఇంకా దించమన్నాను. గట్టిగా మీటితే తీగ ఫ్రెట్లకు కొట్టుకుంటుందని ఒప్పుకోలేదు.

కూలి తొమ్మిదొందలు. కొత్తగా వేసిన తీగలకు మరో ఆరొందలు, వేసేముందు ఆ మాట చెప్పలేదు. బిల్లు అడిగితే నా మొహం చూశాడు.

ఎఫ్ కార్డు మూడో రోజుకు పలికింది. ఆరు తీగలూ కావు, అయిదే, అయినా పలికింది. జూలైలో ముసురు పట్టాక చెక్క ఉబ్బి ఎత్తు కొంచెం పెరిగినట్టనిపించి మళ్లీ వెళ్లాను. కొలిచి, "ఎండలొచ్చినంక అదే దిగుతది" అని డబ్బు తీసుకోకుండా పంపేశాడు. మీరెళ్తే సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి. అంతకుముందు తాళం వేసే ఉంటుంది, లిఫ్టూ లేదు.