నేచర్స్ నోట్‌బుక్: హమ్మింగ్‌బర్డ్ వచ్చేసరికి పెరట్లో ఏం పూసి ఉందో రాసుకునేవాళ్లకి

వసంతం మొదట్లో మా పెరట్లో ఏ పువ్వు ఎప్పుడు విచ్చుకుందో, పూల తేనె తాగే బుల్లి పిట్ట హమ్మింగ్‌బర్డ్ ఎప్పుడు కనిపించిందో రాసుకోవడానికి కొన్నేళ్లుగా నేచర్స్ నోట్‌బుక్ అనే యాప్ వాడుతున్నాను. నాకు చాలా నచ్చింది, ఐదుకి నాలుగున్నర ఇస్తాను. అయితే ఇది ఫొటో తీయగానే మొక్క పేరు చెప్పే యాప్ కాదు. వారానికి రెండు మూడుసార్లు అదే మొక్క దగ్గరికి వెళ్లి, అవే ప్రశ్నలకి జవాబు రాసే ఓపిక ఉన్నవాళ్ల కోసం చేసింది. దీన్ని నడిపేది అమెరికాలోని నేషనల్ ఫినాలజీ నెట్‌వర్క్. ఆ సంస్థ 2007లో మొదలైంది, ఈ నోట్‌బుక్ 2009లో వచ్చింది. డబ్బులేమీ కట్టనక్కర్లేదు. ఏ చెట్టు ఎప్పుడు చిగురిస్తుంది, ఎప్పుడు పూస్తుంది, ఏ పిట్ట ఎప్పుడొస్తుంది అని ఏటేటా చూసి రాసే పనినే ఫినాలజీ అంటారు.

మేముండేది నార్త్ కరోలినాలో, రాలీ పక్కన కేరీలో. మా దగ్గరికి వచ్చేది రూబీ త్రోటెడ్ హమ్మింగ్‌బర్డ్. అమెరికా తూర్పు భాగంలో గూడు కట్టి పిల్లల్ని పెంచే హమ్మింగ్‌బర్డ్ ఇదొక్కటే. బరువు సుమారు మూడు గ్రాములు. చలికాలమంతా మెక్సికోలోనూ సెంట్రల్ అమెరికాలోనూ ఉండి, వాటిలో చాలావరకు గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీదుగా ఎక్కడా వాలకుండా 800 కిలోమీటర్ల దాకా ఎగిరి ఇటు వస్తాయి. మా వైపు మార్చి చివర్లోనో ఏప్రిల్ మొదట్లోనో మగవి ముందు కనిపిస్తాయి, ఆడవి ఆ తర్వాత. అప్పటికి ఇక్కడ ఓక్ చెట్లు సరిగ్గా చిగురించి కూడా ఉండవు, మంచు పడే రాత్రులు ఇంకా మిగిలే ఉంటాయి. అంత దూరం ఎగిరొచ్చిన ఆ మూడు గ్రాముల ప్రాణికి ఆ వారంలో మా పెరట్లో తాగడానికి ఏముంది? నాకు కావలసింది ఈ ఒక్క ప్రశ్నకి జవాబు. ఈ యాప్ ఆ జవాబు ఇచ్చింది.

వాడే పద్ధతి ఇలా ఉంటుంది. ముందు మన పెరటిని ఒక స్థలంగా నమోదు చేసుకోవాలి. తర్వాత ఒక్కో మొక్కని విడివిడిగా చేర్చి దానికో పేరు పెట్టుకోవాలి. నా దగ్గర రెండు హనీసకల్ తీగలున్నాయి, ఒకటి ‘డెక్ తీగ’, ఇంకొకటి ‘కంచె తీగ’. చూడ్డానికి వెళ్లినప్పుడల్లా ప్రతి మొక్కకీ వరసగా ప్రశ్నలు వస్తాయి: ఆకు మొగ్గలు విడుతున్నాయా, పూలుగానీ పూమొగ్గలుగానీ ఉన్నాయా, విచ్చుకున్న పూలున్నాయా, కాయలున్నాయా. ఉంటే ఉన్నాయని, లేకపోతే లేవని, సందేహంగా ఉంటే ప్రశ్నార్థకం పెట్టాలి. పూలుంటే ఎన్ని (మూడు లోపా, మూడు నుంచి పదా, పదకొండు నుంచి వందా, ఇంకా ఎక్కువా), వాటిలో ఎన్నో వంతు విచ్చుకున్నాయి అని కూడా అడుగుతుంది. హమ్మింగ్‌బర్డ్‌కి వేరే పట్టిక: పిట్ట కనిపించిందా, పూల మీదికి వచ్చిందా.

ఇందులో అన్నిటికన్నా విలువైనది ‘లేదు’ అని రాయడం. మొదట్లో చాలామందికి ఇది విసుగనిపిస్తుంది. ఫిబ్రవరి చలిలో బయటికి వెళ్లి, మోడులా ఉన్న తీగని చూసి, అన్నిటికీ ‘లేదు’ అని నొక్కి లోపలికి రావడమేంటని మా ఆయన కూడా అడిగారు. కానీ మార్చి 25న ‘విచ్చుకున్న పూలున్నాయి’ అని రాస్తే, ఆ పువ్వు ఆ రోజే విచ్చుకుందా, పది రోజుల కిందటే విచ్చుకుని ఉందా అన్నది ఎలా తెలుస్తుంది? దానికి ముందు ‘లేదు’ ఎప్పుడు రాశామో దాన్నిబట్టే తెలుస్తుంది. ఈ సంస్థ ఇచ్చే డేటాలో ప్రతి తొలి ‘ఉంది’ పక్కనా, అంతకుముందు ‘లేదు’ రాసి ఎన్ని రోజులైందో చూపించే గడి ఒకటి ఉంటుంది. మార్చి 22న ‘లేదు’ ఉంటే మార్చి 25 నమ్మదగిన తేదీ. ముందు ఏమీ రాయకపోతే అది మనం చూసిన తేదీయే గానీ పూసిన తేదీ కాదు.

మన ఇళ్లలో ఇలాంటివి పండగని బట్టి గుర్తుపెట్టుకుంటాం. ‘పోయిన ఉగాదికి ఈ తీగ నిండా పూసింది కదా’ అంటాం. ఉగాది చాంద్రమానం ప్రకారం వస్తుంది. 2023లో మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. రెండింటికీ మధ్య 18 రోజుల తేడా. కాబట్టి ఉగాదికి పూసిందన్న జ్ఞాపకంతో ఒక ఏడాదిని ఇంకో ఏడాదితో పోల్చలేం. పచ్చడిలోకి వేపపువ్వు కావాలంటే ఇక్కడ ఎండు పువ్వు పొట్లమే దిక్కు, ఈ చలికి వేపచెట్టు బయట బతకదు. అందుకని ఉగాది నాడు మా ఇంట్లో నిజంగా కొత్తగా పూసే పువ్వు హనీసకలే.

ఇక మొక్కల సంగతి. కోరల్ హనీసకల్ మా పెరటికి ప్రాణం. ఎర్రటి సన్నని గొట్టాల్లాంటి పూలు, లోపల పసుపు. మా దగ్గర మార్చి నెలాఖరుకి విచ్చుకోవడం మొదలుపెట్టి, వేసవి దాకా విడతలు విడతలుగా పూస్తూనే ఉంటుంది. దక్షిణం వైపు ఇటుక గోడని ఆనుకున్న డెక్ తీగ ఏటా ముందు పూస్తుంది, నీడలో ఉన్న కంచె తీగ వెనకబడుతుంది. ఈ తేడా నాకు పట్టిక చూశాకే అర్థమైంది. అందుకే రెండో తీగని ఎండ తగిలే చోటికి మార్చకుండా అక్కడే ఉంచాను. ఒకటి వాడిపోయే వేళకి ఇంకొకటి అందుకుంటుంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఇక్కడి ఒక నర్సరీలో కోరల్ హనీసకల్ అని చీటీ కట్టి నాకు జపనీస్ హనీసకల్ అమ్మారు. అది తెల్లగా పూసి పసుపుకి తిరుగుతుంది, వాసన బాగుంటుంది, కానీ ఈ ప్రాంతపు అడవుల్ని కమ్మేస్తున్న తీగ అది. వేళ్లతో సహా పీకేశాను. పూత మీదున్నప్పుడు కొంటే గుర్తుపట్టడం తేలిక: కోరల్ హనీసకల్‌లో పూలగుత్తికి సరిగ్గా కింద ఉండే రెండాకులు అతుక్కుపోయి, కాడ వాటి మధ్యలోంచి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా బొటానికల్ గార్డెన్‌లో స్థానిక మొక్కలు అమ్ముతారు, నేను తర్వాత అక్కడే తెచ్చుకున్నాను.

రెడ్ బకై చిన్న చెట్టు, నీడలోనూ బతుకుతుంది, ఏప్రిల్‌లో ఎర్రని కంకులు వేస్తుంది. గింజలు విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో కాయలు రాలే కాలంలో ఏరేయాలి. కొలంబైన్ పూలు ఎరుపూ పసుపూ కలిసి తలకిందులుగా వేలాడతాయి, కుండీలోనైనా వస్తుంది, అపార్ట్‌మెంట్ బాల్కనీ ఉన్నవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. క్రాస్‌వైన్ ఆ తర్వాత, ఏప్రిల్ మధ్యకి. కరోలినా జాస్మిన్ అందరికన్నా ముందు పసుపుపచ్చగా పూస్తుంది గానీ మా పెరట్లో హమ్మింగ్‌బర్డ్ దాని మీద వాలడం నేను చూడలేదు. పైగా ఆ మొక్కంతా విషమే. అందానికి ఉంచుకున్నాను.

ఇవన్నీ రాసిన ఫలితం ఎక్కడ కనిపిస్తుందంటే, వెబ్‌సైట్‌లో ఉండే ఫినాలజీ క్యాలెండర్‌లో. ఏడాది పొడవునా ఒక్కో మొక్కకీ ఒక్కో పట్టీ గీస్తుంది, ‘ఉంది’ అన్న రోజులు ఒక రంగులో, ‘లేదు’ అన్న రోజులు ఇంకో రంగులో. హనీసకల్ పట్టీ కింద హమ్మింగ్‌బర్డ్ పట్టీ పెట్టుకుని చూస్తే రెండూ ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ ఖాళీ ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది. మా పెరట్లో ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఖాళీ కనిపించింది: హనీసకల్ పూలు పది లోపే, బకై ఇంకా మొగ్గల్లోనే, పిట్టలు మాత్రం వచ్చేశాయి. ఆ ఖాళీ నింపడానికే కొలంబైన్ నారు ఎక్కువగా వేశాను. ఇప్పుడు ఆ వారానికి మూడు రకాల పూలుంటున్నాయి. ఇంత కచ్చితంగా ఏ మొక్క నాటాలో ఏ తోటపని పుస్తకమూ చెప్పలేదు, ఎందుకంటే ఏ పుస్తకానికీ మా గోడ, మా నీడ తెలియవు.

కష్టమనిపించే సంగతులూ ఉన్నాయి. తెలుగులో లేదు. విచ్చుకున్న పువ్వంటే ఏమిటో నిర్వచనం చదివి ఒంటబట్టించుకోవాలి: లోపలి కేసరాలు కనిపించాలి, వాడినవి లెక్కలోకి రావు. అత్తయ్య మా దగ్గరున్న వసంతంలో నేను ఆఫీసుకెళ్లే రోజుల్లో ఆవిడే చూసేవారు. ఒక కాగితం మీద తెలుగులో ప్రశ్నలు రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మల్లెమొగ్గలు కోసిన చేతులు కదా, రేపు విచ్చుకునే మొగ్గ ఏదో నాకన్నా బాగా చెప్పేవారు. ఇక మొక్కలు ఎక్కువ చేర్చేకొద్దీ సమయం పడుతుంది. నాలుగైదు మొక్కలకి పది నిమిషాలు చాలు, ఇరవై మొక్కలైతే మానేస్తారు.

ఇవే పనులకి ఈ-బర్డ్, ఐనాచురలిస్ట్ కూడా ఉన్నాయి, నా ఫోన్లో రెండూ ఉన్నాయి. మొదటి హమ్మింగ్‌బర్డ్ రాలీ దగ్గర్లో ఎప్పుడు కనిపించిందో తెలుసుకోవడానికి కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల ఈ-బర్డ్‌ని మించింది లేదు. మొక్క పేరు తెలియకపోతే ఐనాచురలిస్ట్. కానీ ఒకే మొక్కని వారం వారం వెంబడించి, పువ్వునీ పిట్టనీ ఒకే క్యాలెండర్లో పక్కపక్కన పెట్టాలంటే నేచర్స్ నోట్‌బుక్కే. వాళ్లు తేనె పూల మీద దృష్టి పెట్టి ‘నెక్టర్ కనెక్టర్స్’ అని ఒక ప్రచారం కూడా నడుపుతున్నారు, మోనార్క్ సీతాకోకచిలుకలూ హమ్మింగ్‌బర్డ్‌లూ వాలే పూలకోసం. నేను అందులో చేరాను, మీరూ చేరొచ్చు.

నా పెరటి లెక్క ఎవరికి కావాలి అని అనుకోకండి. 1880ల నుంచి స్వచ్ఛందంగా పిట్టల రాకని కార్డుల మీద చేత్తో రాసి పంపినవాళ్లున్నారు. ఆ పాత కార్డుల తేదీల్ని 2001–2010 మధ్య తేదీలతో పోల్చి చూసిన పరిశోధకులు, రూబీ త్రోటెడ్ హమ్మింగ్‌బర్డ్‌లు ప్రాంతాన్ని బట్టి 11 నుంచి 18 రోజులు ముందుగా వస్తున్నాయని 2013లో ప్రకటించారు. పిట్ట ముందుకి జరిగితే పువ్వు కూడా అంతే జరుగుతుందన్న హామీ లేదు. కొలరాడోలోని గోథిక్ దగ్గర రాకీ మౌంటెన్ బయొలాజికల్ లాబొరేటరీలో ఇంకోరకం హమ్మింగ్‌బర్డ్‌ని, అది ముందుగా తాగే గ్లేసియర్ లిల్లీని చూశారు. ఆ లిల్లీ 1970లతో పోలిస్తే సుమారు 17 రోజులు ముందే పూస్తోంది, పిట్ట రాకకీ తొలి పువ్వుకీ మధ్య ఉండే ఎడం 13 రోజులు తగ్గిపోయింది. ఇలాగే సాగితే పిట్ట వచ్చేసరికి తొలి పూలు అయిపోయి ఉంటాయి. ఇది చదివిన రోజు నుంచి నేను ఒక్క వారం కూడా వదల్లేదు.

ఫీడర్ (పిట్టల కోసం పంచదార నీళ్లు పోసి వేలాడదీసే గిన్నె) గురించి కూడా అడుగుతారు కాబట్టి క్లుప్తంగా: ఒక కప్పు పంచదార, నాలుగు కప్పుల నీళ్లు, అంతే. బెల్లం వద్దు, తేనె వద్దు, ఎర్ర రంగు అసలు వద్దు. ఎండ పెరిగాక రెండు రోజులకోసారి కడిగి మార్చాలి. మార్చి మధ్యలోనే వేలాడదీస్తాను. కానీ ఫీడర్ ఒక్కటే చాలదు: పువ్వు ఉన్నచోట చిన్న పురుగులు కూడా ఉంటాయి, హమ్మింగ్‌బర్డ్‌లకి అవీ కావాలి.

ఇండియాలో ఉన్నవాళ్లకి హమ్మింగ్‌బర్డ్‌లు ఉండవు, అక్కడ తేనెపిట్టలున్నాయి. చెట్ల లెక్క రాయాలంటే అక్కడ సీజన్‌వాచ్ ఉంది. వారానికోసారి ఒకే చెట్టుని చూసి ఆకులు, పూలు, కాయలు లేవా, కొన్నా, చాలానా అని రాస్తే చాలు. గుంటూరులో మా అక్క వాళ్ల వీధి వేపచెట్టుకి అలా రాస్తోంది.

మొదలుపెట్టేవాళ్లకి నా సలహా: ఒక్క కోరల్ హనీసకల్‌తో, ఫిబ్రవరి రెండో వారంలో మొదలుపెట్టండి. పిట్టని కూడా అదే రోజు చేర్చండి, అది వచ్చేదాకా దానికీ ‘లేదు’ రాయాలి. మార్చి 15 దాటాక రెండు రోజులకోసారి చూడండి. మొదటి ఏడాది క్యాలెండర్‌లో పెద్దగా ఏమీ తెలియదు, రెండో ఏడాది పట్టీలు పక్కపక్కన పడ్డాక ఎక్కడ ఖాళీ ఉందో చూసి, ఆ ఖాళీకి తగిన మొక్కని అక్టోబర్‌లో నాటండి. శరదృతువులో నాటితే వేళ్లు పట్టి మరుసటి ఏప్రిల్‌కి పూస్తుంది.