రోగి చెప్పాలా, డాక్టరు చెప్పాలా, తోడొచ్చిన తల్లి చెప్పాలా?

ప్రభుత్వ మానసిక వైద్యం మీద కథ రాయాలంటే ముందు తేలాల్సింది, ఆ కథ ఎవరి నోట వినిపించాలన్నది. ఒకే కథను మూడు గొంతుల్లో రాసి చూశాను. కథ మా నెల్లూరు జిల్లాదే. పొదలకూరు పక్కన పల్లె. నిమ్మకాయల యార్డులో కాయలు ఏరే తల్లి. ఎవరో పిలుస్తున్నారంటూ డిగ్రీ మధ్యలో మానేసిన కొడుకు.

మొదట కొడుకు గొంతుతో రాశాను. గోడలు మాట్లాడాయి, ఫ్యాను పేరు పెట్టి పిలిచింది. చదివిన మిత్రులు భాష బాగుందన్నారు. అక్కడే నాకు దిగులు పట్టుకుంది. అతని చేతులు వణికేది జబ్బు వల్ల కాదు, వేసుకునే మాత్రల వల్ల. ఆ వణుకు తగ్గించే మాత్ర ఆ నెల ఆసుపత్రిలో లేదు. అసలు సంగతి అది. నా వర్ణనల్లో అదే కొట్టుకుపోయింది. జబ్బు అనుభవించినవాళ్ళు తామే రాసుకుంటే వేరు, వాళ్ళ మాటకు మించింది లేదు. బయటినుంచి రాసే నాలాంటివాళ్ళకు ఈ దారి ప్రమాదం.

డాక్టరు గొంతులో ఇంకో లాభం ఉంది. లక్షమందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశం మనది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లోనే మొదలైనా ఈ కొరత తీరలేదు. డాక్టరు కుర్చీలోంచి చూస్తే అది బాగా తెలుస్తుంది. కానీ నా రెండో ప్రతి ముగిసేసరికి జాలంతా డాక్టరు మీదికే పోయింది. తల్లీకొడుకులు ఒక కేసు షీటుగా మిగిలారు.

మూడోది తల్లి గొంతు. నా ఓటు దీనికే. ఎందుకో చెప్తాను.

ఒకసారి బంధువుకు తోడుగా ఒక ప్రభుత్వాసుపత్రి ఓపీలో కూర్చున్నాను. పక్కనున్నామె ప్లాస్టిక్ కవరులోంచి చీటీలు తీసింది. మడతల దగ్గర చిరిగిన చోటల్లా టేపు అంటించి ఉంది. అడుగున సగానికి విరిచిన మాత్రలు, కాగితంలో పొట్లం కట్టి. "రెండు పూటలా వెయ్యమన్నారమ్మా. ఒక పూటే వేస్తా వుండా. మళ్ళీ వచ్చిందాకా సరిపోవాల గదా," అంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం రోగి వైద్యం కోసం దూరాభారం పోనక్కర్లేదు, ఇంటికి దగ్గర్లోనే అందాలి. అత్యావశ్యక మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచే ఉచితంగా, ఎప్పుడూ దొరకాలి. వార్తలో రాస్తే ఇది రెండు వాక్యాలు. తల్లి చెబితే నెల్లూరు బస్సు, పోయిన కూలి, విరిచిన మాత్ర.

డబ్బు తేడా కూడా ఈ గొంతులోనే పలుకుతుంది. నా కథలో ఆ ఊరి ఆసామి కొడుక్కీ అదే జబ్బు. కారులో మద్రాసు తీసుకుపోతారు. "అబ్బాయి బెంగుళూరులో ఉన్నాడు" అంటారు, ఊరు నమ్ముతుంది. ఈమె కొడుకు వీధివీధికీ పిచ్చోడు. గుట్టుగా ఉంచుకోవడానికి కూడా డబ్బుండాలి.

నా కథలోని తల్లి ముందు, ఇలాంటి జబ్బులు నయమవుతాయని జనం నమ్మే మా జిల్లా ఏఎస్ పేట దర్గాకే పోయి ఉంటుంది. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తే కథ అక్కడే చచ్చిపోతుంది. అక్కడ చీటీ ఏదని అడిగేవాళ్ళు లేరు. బిడ్డను పక్కన పడుకోబెట్టుకుని రాత్రులు గడపొచ్చు. ఆసుపత్రి ఆమెకు ఇవ్వనిది అదే.

ఈ గొంతుకూ ఒక గండం ఉంది. తల్లిని త్యాగమూర్తిని చేసేస్తే చదివినవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుని, మందులు ఎందుకు లేవని అడగడం మరిచిపోతారు. అందుకే ఆమె చేసే తప్పు కూడా రాయాలి. 2001లో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. మానసిక రోగిని ఏ రకంగానూ గొలుసులతో బంధించకూడదని 2017 చట్టం చెప్పింది. ఈమె గొలుసు వెయ్యదు. కానీ కూలికి పోతే కొడుకు దగ్గర ఉండేదెవరు?

నా మూడో ప్రతి ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. ఇంకా తెల్లవారదు. కిటికీ అంచున చెంబుతో నీళ్ళు, గిన్నెలో చద్దన్నం పెడుతుంది. సగం మాత్ర మింగేదాకా నిలబడుతుంది. బయటినుంచి గొళ్ళెం పెట్టి, యార్డుకు పోయే ఆటో కోసం రోడ్డు మీదికొస్తుంది.