రాత్రి ట్రెయిల్ రైడ్‌కి (మట్టిదారుల్లో సైకిల్ రైడ్‌కి) లైటు కొనేవాళ్లకు హెచ్చరిక: పెట్టె మీది ల్యూమెన్లు నమ్మొద్దు

"12,000 ల్యూమెన్లు, 12,800 ఎంఏహెచ్, 8 గంటల బ్యాకప్" అని రాసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న సైకిల్ లైటు మీ కార్టులో ఉంటే ముందు తీసేయండి. ల్యూమెన్ అంటే లైటు ఇచ్చే వెలుతురుకి కొలత, ఎంఏహెచ్ అంటే బ్యాటరీ కెపాసిటీకి కొలత. మూడు ఎల్ఈడీలు, వైరుతో విడిగా వేలాడే బ్యాటరీ ప్యాక్, హ్యాండిల్‌కి బిగించే రబ్బరు రింగు. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. ఒకే సరుకు రకరకాల పేర్లతో దొరుకుతోంది. పేరు మారినా పెట్టె మీది అంకెలు మాత్రం దాదాపు అవే.

నేను కొన్నది అదే రకం. శంకర్‌పల్లి అవతల మొరం దారిలో దిగుడు మీద ఉండగా ఆరిపోయింది. మెల్లగా మసకబారలేదు, ఎర్ర లైటు వెలిగి హెచ్చరించలేదు. నిండుగా వెలుగుతున్నది వెలుగుతున్నట్టే ఆగిపోయింది. అప్పటిదాకా తెల్లటి వెలుతురుకి అలవాటుపడిన కళ్లకు ఆ క్షణంలో దారి కాదు కదా, సొంత చేతులు కూడా కనబడవు. చీకటికి కళ్లు సర్దుకోవడానికి నిమిషాలు పడుతుంది, బ్రేకు వేయడానికి ఉన్నదేమో ఒకటి రెండు సెకన్లు. ముందు చక్రం ట్రాక్టర్ గాడిలో పడింది, మణికట్టు విరిగింది. వెనక వస్తున్న మిత్రుడి దగ్గర మంచి లైటు ఉండబట్టి నన్ను తొక్కకుండా ఆగగలిగాడు.

చేతికి కట్టు ఉండగానే ఆ ప్యాక్ విప్పించాను. అందులో నాలుగు 18650 సెల్‌లు ఉన్నాయి. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే మామూలు లిథియం సెల్ ఇది. రెండేసి సెల్‌లను జతగా (ప్యారలల్‌గా) కలిపి, ఆ జతలను వరుసగా (సిరీస్‌లో) పెట్టారు. ఇలా పెడితే ప్యాక్ ఎంఏహెచ్ ఒక జతలోని రెండు సెల్‌లదే, వోల్టులు మాత్రం రెట్టింపవుతాయి. అంటే 12,800 ఎంఏహెచ్ నిజం కావాలంటే ఒక్కో సెల్ 6,400 ఉండాలి. ఈ సైజులో అంత సెల్ ఎవరూ తయారు చేయడం లేదు. పేరున్న కంపెనీల మంచి సెల్‌లే 3,500 దగ్గర ఆగుతాయి. కెపాసిటీ కొలిచే ఛార్జర్‌లో పెట్టి చూస్తే నా సెల్‌లు ఒక్కొక్కటి 1,200 కూడా దాటలేదు. రాసినదానిలో అయిదో వంతు కూడా లేదన్నమాట. తూకం వేసినా దొరికిపోతాయి. అసలైన 18650 సెల్ సుమారు 45 గ్రాములు తూగుతుంది, ఇవి చాలా తేలిగ్గా ఉన్నాయి. అసలు ప్యాక్ విప్పాల్సిన పని కూడా లేదు. నాలుగు సెల్‌ల ప్యాక్ వైరుతో సహా 180 గ్రాములు తూగకపోతే కిరాణా కొట్టు తక్కెడ చాలు, మోసం బయటపడుతుంది.

ఇక ల్యూమెన్ల సంగతి. ఇది అందరూ ఒకసారి కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క. ఇలాంటి లైట్లలో ఎల్ఈడీ ఒక వాట్‌కి ఇచ్చేది సుమారుగా 100 నుంచి 150 ల్యూమెన్లు. ఇంట్లో వాడే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఇచ్చేది 900 ల్యూమెన్ల చుట్టుపక్కలే. ఆ లెక్కన 12,000 ల్యూమెన్లకు దాదాపు 100 వాట్లు కావాలి. పెట్టె మీద రాసిన బ్యాటరీ నిజమనే అనుకుందాం. 7.4 వోల్టుల దగ్గర 12,800 ఎంఏహెచ్ అంటే 95 వాట్-అవర్లు, అంటే 95 వాట్ల లైటుని గంటసేపు వెలిగించేంత. గంట తిరక్కుండానే అయిపోతుంది. మరి 8 గంటల బ్యాకప్ ఎక్కడిది? అమ్మేవాడి మాట అబద్ధమని నిరూపించడానికి వాడు రాసిన అంకెలే చాలు. పైగా పిడికిలంత లైటులో 100 వాట్లు మండితే ఆ వేడి పోవడానికి దారి ఉండదు.

కారు హెడ్‌లైట్లలో వాడే హెచ్4 బల్బు హైబీమ్‌లో ఇచ్చేది 1,650 ల్యూమెన్లు, లోబీమ్‌లో 1,000. ఎవరైనా సైకిల్ లైటుకి పది వేలు, పన్నెండు వేలు అని చెబితే ఈ అంకె గుర్తు తెచ్చుకోండి. నిజాయితీగా కొలిచిన 1,000 ల్యూమెన్లు హ్యాండిల్ మీద ఉంటే మన దగ్గరి మట్టిదారులకు సరిపోతాయి. రాళ్లున్న దిగుళ్లలో వేగంగా వెళ్లేవాళ్లు 1,500 దాకా చూసుకోవచ్చు. అంతకు మించిన అంకెకి డబ్బు పెట్టేకన్నా ఆ డబ్బు మంచి బ్యాటరీ మీద పెట్టడం మేలని నా అభిప్రాయం.

ఆరిపోవడం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది దాని ఛార్జర్. వరుసలో రెండు లిథియం సెల్‌లున్న ప్యాక్ నిండితే 8.4 వోల్టుల దగ్గర ఛార్జింగ్ ఆగాలి, ఒక్కో సెల్‌కి 4.2 అన్నమాట. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఇది 8.4 దాటినా ఎక్కుతూనే ఉంది. అడాప్టర్ మీద మాత్రం పచ్చ లైటు వెలుగుతోంది. లిథియం సెల్‌ని ఇలా నింపుతూ పోతే ఉబ్బుతుంది, మంట కూడా అంటుకోవచ్చు. రైడ్ నుంచి వచ్చి అలసిపోయి రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టి పడుకునేవాళ్లు మనలో ఎంతమంది! అదే గదిలో పిల్లలు పడుకునే ఇళ్లూ ఉన్నాయి. దయచేసి ఈ రకం లైటు ఇంట్లో ఉంటే మీరు మెలకువగా, పక్కనే ఉన్నప్పుడు తప్ప ప్లగ్గులో పెట్టకండి.

అమ్మినవాళ్ల ధోరణి కూడా చెప్పాలి. 7 రోజుల రిటర్న్ గడువు అయిపోయిందన్నారు. బ్యాటరీకి వారంటీ వర్తించదన్నారు. పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి కదా అని అడిగితే జవాబే లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టిన తర్వాత గానీ డబ్బు వెనక్కి రాలేదు. కానీ ఆ లైటు ఇంకా అమ్ముడవుతూనే ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. అమ్మే పేజీ కింద ఉన్న అయిదు స్టార్ల రివ్యూలు చూసి మోసపోకండి. వాటిలో ఎక్కువ భాగం పార్సిల్ విప్పిన రోజు గదిలో వెలిగించి చూసి రాసినవి. గోడ మీద పడ్డ వెలుతురు చూస్తే ఏ లైటైనా బాగానే ఉంటుంది.

మరి ఏం చూసి కొనాలి? ముందు బ్యాటరీ. ఎన్ని సెల్‌లు, ఏ సైజు, ఎంత బరువు అన్నది స్పష్టంగా చెప్పని లైటు వద్దు. మన దేశంలో ఇలాంటి లిథియం బ్యాటరీలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఐఎస్ 16046 ప్రమాణం ప్రకారం. ప్యాక్ మీద "ఆర్" అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు ఎవరో కనబడుతుంది. నంబరే లేదంటే అక్కడితో వదిలేయండి.

తర్వాత వెలుతురు ఎలా తగ్గుతుందన్నది. కొన్ని మంచి కంపెనీలు ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ప్రకారం కొలిచి రాస్తాయి. అందులో ల్యూమెన్లు లైటు వేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలుస్తారు. రన్‌టైమ్ మాత్రం మొదటి వెలుతురులో పదో వంతుకి పడిపోయేదాకా లెక్కేస్తారు. కాబట్టి నిజాయితీగా "3 గంటలు" అని రాసిన లైటు కూడా 3 గంటలూ ఒకేలా వెలగకపోవచ్చు. గంట గంటకీ వెలుతురు ఎంత ఉంటుందో గ్రాఫ్ ఇచ్చే కంపెనీ దొరికితే వాళ్లకే నా ఓటు. బ్యాటరీ తగ్గుతుంటే రంగు మారే ఇండికేటర్, చివర్లో ఆరిపోకుండా మసక మోడ్‌లోకి జారే ఏర్పాటు, ఈ రెండూ లేనిది ట్రెయిల్‌కి పనికిరాదు. నా ప్రమాదంలో లోపించినవి అవే. లోపలి సర్క్యూట్ సెల్‌లను కాపాడటానికి కరెంటు కోసేసింది. సెల్‌కి అది మంచిదే, మరి మనిషి సంగతి?

కొన్న లైటుని మొదట ఇంట్లోనే పరీక్షించండి. ఫుల్ ఛార్జ్ చేసి, టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టి హై మోడ్‌లో వెలిగించండి. రైడ్‌లో తగిలే గాలికి ఫ్యాన్ బదులు. చీకటి గదిలో సీలింగ్ వైపు తిప్పి, ఫోన్‌లో లైట్ మీటర్ యాప్‌తో పది నిమిషాలకోసారి అంకె రాసుకోండి. ఆరిపోయేదాకా ఉంచండి. రిటర్న్ గడువు లోపలే ఈ పని అయిపోవాలి. డిసెంబర్‌లో లంబసింగి, అరకు వైపు వెళ్లేవాళ్లు ఈ పరీక్షలో తేలిన సమయంలో కొంత తగ్గించి లెక్కేసుకోండి, చలిలో లిథియం సెల్ అంత ఇవ్వదు.

రోడ్డు కోసం చేసిన లైట్లు ట్రెయిల్‌కి తేకండి. ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడకుండా పైభాగం కోసేసిన వెలుతురు రోడ్డు మీద చాలా మంచిది, జర్మనీలో అయితే అది చట్టం కూడా. కానీ మన దారుల్లో సర్కారు తుమ్మ కొమ్మలు సరిగ్గా ముఖం ఎత్తులో ఉంటాయి. ఆ ముళ్లు ఆ లైటులో కనబడవు.

ఒక్క లైటుతో మాత్రం వెళ్లొద్దు. హ్యాండిల్ మీద ఒకటి, హెల్మెట్ మీద ఇంకొకటి, రెండిటికీ వేర్వేరు బ్యాటరీలు ఉండాలి. మలుపులో హ్యాండిల్ లైటు పొదల్లోకి చూస్తుంటే హెల్మెట్ లైటు మీరు చూసే వైపు వెలుగిస్తుంది. అలాగని హెల్మెట్ లైటు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. అది కళ్లకి దగ్గరగా ఉంటుంది కాబట్టి నీడలు కనబడవు, గుంతా రాయీ ఒకేలా చదునుగా అనిపిస్తాయి. కిందనుంచి పడే హ్యాండిల్ లైటే ఆ ఎత్తుపల్లాలకు నీడ తెస్తుంది. మంచులో, ముందువాళ్లు లేపిన ఎర్రదుమ్ములో హెల్మెట్ లైటు తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది, అప్పుడు దాన్ని తగ్గించుకోండి.

ఇప్పటికే ఈ రకం లైటు కొన్నవాళ్లు ఈ రోజే ప్యాక్ తూకం వేయండి. ఉబ్బినట్టున్నా, ఛార్జింగ్‌లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా ఇక ప్లగ్గులో పెట్టొద్దు, చెత్తబుట్టలో కూడా వేయొద్దు. ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వండి. బిల్లు, పెట్టె ఫోటోలు, అమ్మిన పేజీ స్క్రీన్‌షాట్ దాచి 1915కి ఫిర్యాదు చేయండి. మీ ప్యాక్ బరువు, ఆరిపోవడానికి పట్టిన సమయం కింద రాస్తే మిగతావాళ్లకు పనికొస్తుంది.